ప్రైవసీ ఓఎస్ వేద్దామనుకుంటే ముందు చేతిలో ఉన్న ఫోన్ సంగతి తేల్చుకోండి

మా వైపు సెల్లు విషయం ఏదొచ్చినా నా మీదకే తోస్తారండి. సంక్రాంతికి అరుగు మీద కూర్చుని ఉంటే మా బాబాయ్ వచ్చి "ఒరేయ్ అబ్బాయ్, పొద్దున రొయ్య మేత గురించి మాట్లాడుకున్నామా, మధ్యాహ్నానికి సెల్లో అన్నీ మేత యాడ్లే, గూగుల్ లేని ఓఎస్ ఏదో ఉందంట కదా అది ఇందులో వేసి పెట్టు" అని ఫోన్ నా ఒళ్లో పడేశాడు. మైకులో విన్నారో, అంతకు ముందు రోజు బాబాయే మేత రేటు వెతికాడో ఆ గొడవ పక్కన పెట్టండి, ఫోన్ తిప్పి చూస్తే అది కంపెనీ వాడు బూట్‌లోడర్ అసలు తెరవనివ్వని మోడల్. ఇందులో ఏమీ వెయ్యలేం బాబాయ్ అంటే "నీకు రాదని చెప్పు" అని లేచి పోయాడు.

చాలామంది ఇదే వరస తప్పుతున్నారండి, ముందు ఓఎస్, అంటే ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏది మంచిదో నెల రోజులు చదువుతారు, ఆండ్రాయిడ్‌నే సవరించి కట్టిన గ్రాఫీన్ ఓఎస్సా, లీనేజ్ ఓఎస్సా, /e/ ఓఎస్సా అని తర్జనభర్జన పడతారు, చివరికి తన ఫోన్‌కి అందులో ఒక్కటీ లేదని తెలుస్తుంది. ఓఎస్ ఫ్రీగా వస్తుంది, నచ్చకపోతే తీసేసి ఇంకోటి వేసుకోవచ్చు, ఫోన్‌లో ఉన్న చిప్పుని మాత్రం మీరు మార్చలేరు. అందుకే ఇది ఫోన్ ఎంచుకోవడం గురించే ఎక్కువ రాస్తున్నా, వేసే పని నిజానికి అరగంట.

బూట్‌లోడర్ అంటే ఏంటో ముందు చెప్పేస్తా. గోదావరి కాలవల మీద లొల్ల లాకులో ధవళేశ్వరం లాకులో చూసినవాళ్లకి ఇట్టే అర్థమైపోద్ది. కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపు మూసేవాళ్లు, నీటి మట్టం సమం చేసేవాళ్లు, అప్పుడుగానీ ముందు తలుపు తీసేవాళ్లు కాదు. ఫోన్ ఆన్ అయ్యేప్పుడు కూడా అంతే, చిప్‌లో ఫ్యాక్టరీలోనే పెట్టేసిన చిన్న కోడ్ ముందు లేచి బూట్‌లోడర్ మీద, అంటే ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్ మీద, కంపెనీ వాడి డిజిటల్ సంతకం సరిగ్గా ఉందా అని చూస్తుంది, ఉంటేనే వదుల్తుంది, బూట్‌లోడర్ లేచి ఓఎస్ సంతకం చూస్తుంది, అది సరిపోతేనే ఓఎస్ లేస్తుంది. దీన్నే వెరిఫైడ్ బూట్ అంటారు. కొత్త ఓఎస్ వెయ్యాలంటే ఈ తలుపు తియ్యాలి, అదే బూట్‌లోడర్ అన్‌లాక్. తియ్యడం కొన్ని ఫోన్లలో కుదురుద్ది. వేసేశాక మళ్లీ ముయ్యడం కుదురుద్దా అనేదే అసలు ప్రశ్న, దీన్ని ఎవడూ అడగడు.

మూసుకోకపోతే ఏమవుద్దంటే, ఫోన్ ఎవడి చేతికైనా పది నిమిషాలు చిక్కితే సిస్టమ్‌లో వాడికి కావాల్సింది దూర్చేసి మళ్లీ మీ జేబులో పెట్టెయ్యచ్చు, సంతకం చూసేవాడు లేడు కాబట్టి ఫోన్ మామూలుగానే ఆన్ అవుద్ది. గూగుల్ కంట పడకూడదని మొదలుపెట్టి వీధి తలుపు బార్లా తీసుకుని పడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. మళ్లీ ముయ్యాలంటే మనం వేసిన ఓఎస్ సంతకాన్ని సరిచూసే తాళంచెవిని ఫోన్ తనలో దాచుకోగలగాలి. గూగుల్ పిక్సెల్ ఫోన్లు ఈ పని పద్ధతిగా చేస్తాయి. మిగతా కంపెనీల్లో ఒకటీ అరా మోడల్స్‌లో కుదురుద్ది గానీ ఎక్కువ వాటిల్లో వేరే ఓఎస్ ఉండగా లాక్ కొడితే ఫోన్ ఇటుక ముక్క అయిపోద్ది.

గూగుల్ నుంచి తప్పించుకోడానికి గూగుల్ ఫోనే కొనమంటావా అని అడగనివాడు లేడు. నవ్వొస్తుంది గానీ నిజం అదే. గ్రాఫీన్ ఓఎస్ ఇన్నేళ్లూ పిక్సెల్స్ మీదే నడవడానికి కారణం అభిమానం కాదండి, వాళ్లకి హార్డ్‌వేర్‌లో ఏం కావాలో లిస్టు సైట్‌లోనే పెట్టారు, ఆ లిస్టు మొత్తం తీర్చిన ఫోన్లు అవే.

ఆ లిస్టులో నాకు ముఖ్యం అనిపించినవి చెప్తా. మొదటిది టైటాన్ ఎం2 అనే విడి చిప్, పిక్సెల్ 6 నుంచి ఇది ఉంది. మీ పిన్ సరైనదా కాదా తేల్చేది ఇదే. ఎవడైనా ఫోన్ కొట్టేసి కంప్యూటర్‌కి తగిలించి పిన్ నంబర్లు వరసగా కొట్టి చూద్దామనుకుంటే ఈ చిప్ తప్పులు పెరిగే కొద్దీ టైమ్ పెంచుకుంటూ పోద్ది, అందుకే ఆరంకెల పిన్ కూడా పనికొస్తుంది. ఇంకో గమ్మత్తు ఏంటంటే మీ పిన్ కొట్టకుండా ఆ చిప్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం దాన్ని తయారు చేసినవాడికి కూడా కుదరకుండా కట్టారు.

రెండోది పిక్సెల్ 8 నుంచి, అంటే 2023 నుంచి వచ్చిన మెమరీ ట్యాగింగ్. చెరువు గట్టు మీద ఎవరి మేత బస్తాల మీద వాళ్లు పేరు రాసుకుంటారు చూడండి, అలాగ ఫోన్ మెమరీలో ప్రతి 16 బైట్ల ముక్కకీ ఒక గుర్తు వేస్తారు, ఆ ముక్కని వాడుకునే ప్రోగ్రామ్ దగ్గర కూడా అదే గుర్తు ఉండాలి. గుర్తు కలవలేదంటే పక్కవాడి బస్తా మీద చెయ్యేశాడన్నట్టే, ఆ యాప్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఫోన్లని హ్యాక్ చేసే పెద్ద పెద్ద దాడుల్లో బోలెడన్ని ఇలా పక్క మెమరీలోకి చెయ్యి పెట్టేవే. ఇది చిప్‌లో లేకపోతే ఏ ఓఎస్ వేసినా రాదు.

మూడోది అప్‌డేట్స్, ఇక్కడే జనం బాగా మోసపోతారు. సిగ్నల్ పట్టే మోడెమ్, వైఫై, గ్రాఫిక్స్ ఇవన్నీ చిప్ కంపెనీ వాడి సొంత ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి, అది బయటవాళ్లు ముట్టుకోలేరు. కంపెనీ వాడు ఆ మోడల్‌ని వదిలేసిన రోజున అందులో బయటపడే భద్రతా కంతలు అలాగే ఉండిపోతాయి, పైన లీనేజ్ వాళ్లు ఎంత కొత్త ఆండ్రాయిడ్ ఇచ్చినా సరే. కొత్త ఓఎస్ వేశాం కదా ఫోన్ కొత్తదైపోయిందనుకోవడం, పునాది నానిపోయిన ఇంటికి సున్నం కొట్టించినట్టు.

అందుకని పిక్సెల్ కొంటున్నా సరే ఏ నెల దాకా అప్‌డేట్స్ ఉన్నాయో చూసి బేరం ఆడండి. పిక్సెల్ 6ఎ 2027 జూలై దాకా, 7కి 2027 అక్టోబర్, 7ఎకి 2028 మే, ఇవన్నీ ఐదేళ్ల లెక్క. 8 నుంచి ఏడేళ్లు చేశారు కాబట్టి పిక్సెల్ 8 2030 అక్టోబర్ దాకా, 8ఎ 2031 మే దాకా వస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో 7ఎకీ 8ఎకీ మధ్య నాలుగైదు వేలు తేడా అయితే మారుమాట లేకుండా 8ఎ తీసుకోండి, మూడేళ్లు అదనం, పైగా మెమరీ ట్యాగింగ్. 6ఎ చవగ్గా వస్తుందని మాత్రం ఎగబడకండి, బ్యాటరీ వేడెక్కే గొడవ వచ్చి 2025 జూలైలో గూగులే ఒక అప్‌డేట్ తప్పనిసరి చేసింది, 400 సార్లు చార్జ్ అయ్యాక దాని కెపాసిటీ తగ్గించేస్తుంది. ఇక అప్‌డేట్స్ ఆగిపోయిన పిక్సెల్ 4ఎ లాంటివి ఎవడైనా ఆరు వేలకి ఇస్తానన్నా దండం పెట్టి వచ్చెయ్యండి.

ఇప్పుడు నేను మునిగిన కథ. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు వస్తూ వస్తూ ఒక వాడిన పిక్సెల్ తెచ్చాడు, నేనే తెమ్మన్నా, అక్కడ చవక అని. అన్‌లాక్‌డ్ ఫోనే అన్నాడు, మన సిమ్ వేస్తే సిగ్నల్ కూడా పుల్లుగా వచ్చింది, సంబరపడిపోయి డెవలపర్ ఆప్షన్స్ తెరిస్తే, బూట్‌లోడర్ తియ్యడానికి అనుమతిచ్చే ఓఈఎమ్ అన్‌లాకింగ్ అనే బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కితే నొక్కబడదు. ఆ ఫోన్ మొదట అక్కడి ఒక నెట్‌వర్క్ కంపెనీ ద్వారా అమ్మిన పీసు, అలాంటి వాటిలో కొన్నిటికి సిమ్ లాక్ తీసినా బూట్‌లోడర్ తియ్యనివ్వరు. సిమ్ అన్‌లాక్ వేరు, బూట్‌లోడర్ అన్‌లాక్ వేరు, ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే బావుండేది. ఆ ఫోన్ ఇప్పుడు మా అమ్మ భక్తి పాటలు వినడానికి వాడుతోంది, కెమెరా మాత్రం బ్రహ్మాండం.

కాబట్టి రాజమండ్రిలో కొన్నా భీమవరంలో కొన్నా, గల్ఫ్ నుంచి బావగారు తెచ్చినా, డబ్బులివ్వక ముందు అక్కడే నిలబడి చూసుకోవాల్సినవి ఇవి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొట్టండి, డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆన్ అవుతోందో లేదో చూడండి. రీసెట్ కొట్టిన ఫోన్ అయితే నెట్‌కి తగిలించే దాకా అది బూడిద రంగులోనే ఉండచ్చు, కంగారు పడక మీ హాట్‌స్పాట్ ఇచ్చి ఆగండి. నెట్ ఇచ్చాక కూడా నొక్కబడలేదంటే వదిలేసి వచ్చెయ్యండి, షాపాయన "అది సాఫ్ట్‌వేర్‌లో సరిచేయిస్తాం సార్" అంటాడు, చెయ్యలేడు. తర్వాత *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు చూసుకుని, కేవైఎమ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి ఖాళీ వదిలి ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పెట్టండి, బ్లాక్ చేసిన ఫోనో కాదో తెలిసిపోద్ది. దొంగ ఫోన్‌లో ప్రైవసీ ఓఎస్ వేసుకుని తిరిగితే స్టేషన్‌లో ఏం చెప్పుకుంటాం.

పిక్సెల్ కొనే స్తోమత లేదు, ఉన్న ఫోన్‌లోనే ఏదోటి చెయ్యాలి అంటే లీనేజ్ ఓఎస్ ఉంది. 2016 చివర్లో సయానోజెన్‌మాడ్ అనే ఇలాంటి పాత ఓఎస్ మూతపడ్డాక అదే జనం మొదలెట్టింది. వాళ్ల వికీలో మీ ఫోన్ మోడల్ ఉందా, ఉంటే ఇంకా బిల్డ్స్, అంటే దానికి తయారుచేసిన ఓఎస్ ఫైళ్లు వస్తున్నాయా చూడండి. లిస్టులో లేకపోతే ఎవడో టెలిగ్రామ్ గ్రూపులో పెట్టిన అనఫీషియల్ బిల్డ్ జోలికి వెళ్లకండి, ముక్కూ మొహం తెలియనివాడు వండిన ఓఎస్‌లో ఏం కలిపాడో మీకేం తెలుసు, ప్రైవసీ కోసం కదా మనం బయల్దేరింది. లీనేజ్ వేసినా చాలా ఫోన్లలో బూట్‌లోడర్ తెరిచే ఉంచాలి, యాడ్ల గోల తగ్గుద్ది, పాత ఫోన్ చురుగ్గా ఉంటుంది, అంతవరకే లెక్కేసుకోండి. ఓటీటీల్లో హెచ్‌డీ కూడా పోవచ్చు.

కంపెనీల వారీగా అయితే షియోమీ, పోకో వాటిలో అకౌంట్ కట్టుకుని రోజుల తరబడి ఎదురుచూడాలి, వాళ్ల సొంత హైపర్ ఓఎస్ వచ్చాక ఇంకా బిగించారు. శాంసంగ్‌లో బూట్‌లోడర్ తీస్తే నాక్స్ అనే వాళ్ల సెక్యూరిటీ ఫ్యూజ్ ఒకటి శాశ్వతంగా కాలిపోద్ది, మళ్లీ స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన ఓఎస్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ రాదు, 2025లో వచ్చిన వాళ్ల వన్ యూఐ 8 సాఫ్ట్‌వేర్ నుంచి అయితే అసలు ఆ ఆప్షనే తీసేశారు. నథింగ్, మోటరోలా కొంచెం నయం, తీసుకోనిస్తారు. ఫెయిర్‌ఫోన్ గురించి యూట్యూబ్‌లో చూసి అడుగుతుంటారు, అది మన దేశంలో అమ్మట్లేదు.

ఇంకో మాట, చిన్న టీముల ఓఎస్‌లు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. డైవెస్ట్ ఓఎస్ 2024 డిసెంబర్‌లో మూసేశారు, కాలిక్స్ ఓఎస్ వాళ్లు 2025 ఆగస్టులో అప్‌డేట్స్ ఆపి, వాడేవాళ్లని వేరేది చూసుకోమన్నారు. అలాంటప్పుడు మీ ఫోన్ ఇంకో ఓఎస్‌కి కూడా పనికొచ్చేదైతే ఆదివారం ఒక పూట కూర్చుని మార్చేసుకుంటారు, లేకపోతే ఫోనే మార్చాలి.

ఆండ్రాయిడ్ బదులు కంప్యూటర్ల లైనక్స్‌తో నడిచే లైనక్స్ ఫోన్ల పిచ్చి ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. పైన్‌ఫోన్ అనేదాంట్లో మైకుకీ, కెమెరాకీ, మోడెమ్‌కీ విడివిడిగా కరెంటు స్విచ్చుల్లాంటివి వెనక డొప్ప కింద ఉంటాయి, ఆపితే నిజంగానే ఆగుద్ది, ఆ ఐడియా నాకు చాలా ఇష్టం. పాత వన్‌ప్లస్ 6లోనూ పోకో ఎఫ్1లోనూ పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే లైనక్స్ బాగానే లేస్తుంది. కానీ మన దగ్గర కాల్ అనేది ఎలా వెళ్తుందో ఆలోచించండి. జియోకి 2జీ, 3జీ లేవు, ప్రతి కాలూ వోల్టీ, అంటే 4జీ నెట్ మీదే కాల్ నడిపే పద్ధతి మీదే వెళ్లాలి, ఈ లైనక్స్ ఫోన్లలో ఎక్కువ వాటికి వోల్టీ సరిగ్గా రాదు. నెట్ వస్తుంది, వాట్సాప్ లేని లోకంలో మెసేజ్‌లు పంపుకుంటారు, రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయని చెరువు కాడి నుంచి కుర్రాడు కాల్ చేస్తే మాత్రం మోగదు. సరదాకి రెండో ఫోన్‌గా పెట్టుకోండి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో కస్టమ్ రోమ్, అంటే ఇలాంటి బయటి ఓఎస్ వేసేప్పుడు కూడా వోల్టీ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

సరే, మంచి పిక్సెల్ దొరికింది, గ్రాఫీన్ వేద్దాం. ఫోటోలు, కాంటాక్ట్స్ అన్నీ బయటకి తీసుకోండి, ఫోన్ మొత్తం తుడుచుకుపోద్ది, అదీ ఒకసారి కాదు రెండుసార్లు, తాళం తీసేప్పుడు ఒకసారి వేసేప్పుడు ఒకసారి. స్టాక్ ఆండ్రాయిడ్‌ని ఉన్న లేటెస్ట్ అప్‌డేట్‌కి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ బ్రేవ్ గానీ ఉండాలి, ఫైర్‌ఫాక్స్‌లో ఈ పని అవ్వదు, ఇన్‌కాగ్నిటోలో పెట్టొద్దు, డిస్క్‌లో 32 జీబీ దాకా ఖాళీ ఉంచుకోండి.

కేబుల్ దగ్గర నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా. సెంటర్‌లో యాభై రూపాయలకి దొరికే కేబుల్స్ చాలావాటిలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు, పెట్టగానే చార్జింగ్ బొమ్మ వస్తుంది కాబట్టి కేబుల్ బానే ఉందనుకుంటాం. ఫోన్‌తో వచ్చిన కేబులే వాడండి. రెండోది మన ఊళ్ల ప్రత్యేకం, టైప్ సి పిన్ను లోపల తుప్పు. అంతర్వేది వైపు ఉప్పు గాలి, చెరువుల దగ్గర తేమ, తడి చేత్తో చార్జర్ గుచ్చడం, వీటితో లోపలి సన్న పళ్లు ఆకుపచ్చగా అయిపోతాయి, చార్జింగ్ ఎక్కుద్ది గానీ డేటా మధ్యమధ్యలో తెగిపోద్ది. టార్చ్ వేసి చూడండి, ఫోన్ ఆపేసి పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, ల్యాప్‌టాప్‌కి పెట్టి ఒక పెద్ద సినిమా ఫైలు కాపీ చేసి చూడండి, మధ్యలో తెగకుండా వెళ్తే పర్లేదు. తెగితే ముందు పిన్ను మార్పించండి, ఫ్లాష్ అవుతుండగా, అంటే ఓఎస్ ఫోన్‌లోకి ఎక్కుతుండగా తెగితే మళ్లీ మొదటికొస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా నిండా ఉంచుకోండి, మన కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది.

ఇక ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఫోన్ ఆపి, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఎర్ర త్రికోణంతో ఫాస్ట్‌బూట్ మోడ్ అని వస్తుంది. కేబుల్ పెట్టి గ్రాఫీన్ అఫీషియల్ సైట్‌లో వెబ్ ఇన్‌స్టాలర్ పేజీ తెరిచి పైనుంచి కిందకి బటన్లు వరసగా నొక్కుకుంటూ వెళ్లడమే. విండోస్‌లో ఫోన్ కనపడకపోతే విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి, డ్రైవర్ అక్కడుంటుంది. ముందు అన్‌లాక్, ఫోన్ మీద వాల్యూమ్ బటన్‌తో అవును మీదకి తెచ్చి పవర్ నొక్కాలి. తర్వాత డౌన్‌లోడ్, తర్వాత ఫ్లాష్. ఫ్లాష్ అయ్యేప్పుడు ఫోన్ తనంతట తనే రెండు మూడుసార్లు ఆగి లేస్తుంది, ఆ టైమ్‌లో కంగారుపడి కేబుల్ పీకకండి, ఫోన్ చెయ్యి తాకకుండా బల్ల మీద పెట్టేసి టీ తాగి రండి. అయ్యాక లాక్ బూట్‌లోడర్, దీన్ని మర్చిపోయి అలాగే వాడేసేవాళ్లు ఉన్నారు, ఇంత సేపు చెప్పింది దీని కోసమే.

లాక్ అయ్యి ఆన్ అయ్యేప్పుడు పసుపు రంగు గుర్తుతో ఈ ఫోన్ వేరే ఓఎస్ లోడ్ చేస్తోంది అని ఇంగ్లీషులో వస్తుంది, దాని కింద అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ని సైట్‌లో మీ మోడల్ పక్కన ఇచ్చినదానితో కలిపి చూడండి, కలిసిందంటే తాళంచెవి అసలుదే. పసుపు చూసి భయపడొద్దు, నారింజ వస్తేనే తలుపు తెరిచి ఉన్నట్టు. లోపలికెళ్లాక ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆపెయ్యండి.

మొదట్లో ఫోన్ బోడిగా ఉంటుంది, ప్లే స్టోర్ కూడా ఉండదు. కావాలంటే గ్రాఫీన్ యాప్ స్టోర్‌లోంచే గూగుల్ ప్లే వేసుకోవచ్చు, ఇక్కడ అది మామూలు యాప్‌లాగే కట్టుబడి ఉంటుంది, స్పెషల్ అధికారాలేం ఉండవు. ప్రతి యాప్‌కీ నెట్ ఇవ్వాలా వద్దా అని విడిగా అడిగే పర్మిషన్ ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తెలుగు టైపింగ్‌కి నాకు గూగుల్ కీబోర్డ్ జీబోర్డే అలవాటు, తెలుగు ప్యాక్ దిగేదాకా నెట్ ఇచ్చి తర్వాత పీకేశా, నేను టైప్ చేసేది ఇక అది నేరుగా నెట్‌లోకి పంపలేదు.

బ్యాంకు యాప్‌ల సంగతి మాత్రం ముందే చెప్తున్నా. కొన్ని యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ పరీక్ష పెడతాయి, బూట్‌లోడర్ తెరిచి ఉన్న ఫోన్లు అందులో పోతాయి, గ్రాఫీన్ లాక్ చేసి ఉన్నా గూగుల్ సర్టిఫై చేసిన ఓఎస్ కాదు కాబట్టి పై మెట్టు దాటదు. దాంతో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేస్తాయి, కొన్ని మొరాయిస్తాయి, ఒక అప్‌డేట్‌తో అటూ ఇటూ మారిపోతుంటాయి కూడా. తెరవగానే మూసుకుపోయేదైతే ఆ యాప్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్ కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేసి చూడండి. యూపీఐ బ్యాంకులో ఇచ్చిన సిమ్ ఉన్న ఫోన్‌లోనే రిజిస్టర్ అవుద్ది, అందుకని పాత ఫోన్‌ని అమ్మెయ్యకుండా ఒక నెల ఉంచుకుని ఆ సిమ్ ఎందులో పెట్టాలో తేల్చుకోండి. మధ్యలో ఇరుక్కుంటే *99# ఉంది, బ్యాంకులో ఇచ్చిన సిమ్ ఉంటే నెట్ లేకుండా మామూలు ఫోన్‌లోంచి కూడా 5,000 దాకా పంపచ్చు, కూలీల డబ్బులకి నేను రెండుసార్లు అలాగే గట్టెక్కా.

అప్‌డేట్స్ వాటంతట అవే దిగిపోయి రీస్టార్ట్ అడుగుతాయి, వెంటనే చేసెయ్యండి. అసలు స్క్రీన్ లాక్ తియ్యకుండా 18 గంటలు పక్కన పడేసినా ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అవుద్ది, దొంగ చేతిలో పడితే డేటా మళ్లీ తాళంలోకి వెళ్లిపోవాలని అలా పెట్టారు. మొదటిసారి అలా అయినప్పుడు ఫోన్ పాడైందని మా ఆవిడ అర్ధరాత్రి నన్ను లేపింది. ఇప్పుడు నేను రాత్రి మేత వెయ్యడానికి చెరువుకి బయల్దేరేప్పుడు రీస్టార్ట్ నొక్కి, టార్చ్ తీసుకునేలోపు పిన్ కొట్టేసి జేబులో పెట్టుకుంటున్నా.